నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతంలో పేదల సామాజిక రక్షణ: నగదు బదిలీలు, షరతులు

ముసలితనం, వైకల్యం, జబ్బు, పని దొరకకపోవడం, ఇంటి పెద్ద చనిపోవడం వంటి కష్టాల్లో కుటుంబం చితికిపోకుండా ప్రభుత్వం చేసే ఏర్పాట్లన్నిటినీ కలిపి సామాజిక రక్షణ అంటారు. పింఛను, చౌక బియ్యం, ఉపాధి హామీ పని, అంగన్‌వాడీ భోజనం, బడిపిల్లల తల్లుల ఖాతాలో పడే సొమ్ము అన్నీ ఇందులోకే వస్తాయి. వీటిలో కొన్ని అర్హత ఉంటే చాలు, అందుతాయి. కొన్నింటికి కుటుంబం ఏదో ఒకటి చేసి చూపించాలి: బిడ్డను బడికి పంపాలి, టీకాలు వేయించాలి, ఆస్పత్రిలో కాన్పు కావాలి, ఆడపిల్లకు పద్దెనిమిదేళ్లు నిండేదాకా పెళ్లి చేయకూడదు. ఈ రెండో రకాన్ని షరతులతో కూడిన నగదు బదిలీ అంటారు. నంద్యాల జిల్లా అనుభవాన్ని దగ్గరగా చూస్తే ఒక సంగతి తేటపడుతుంది. అతి పేద కుటుంబానికి పథకంలో రాసిన షరతు పెద్ద అడ్డంకిగా నిలిచిన సందర్భాలు తక్కువ. సొమ్ము ఏ నెల వస్తుందో, అసలు వస్తుందో రాదో తెలియకపోవడం, జాబితాలో పేరు ఎక్కడానికి కావలసిన కాగితాలు లేకపోవడం వాళ్లను ఎక్కువగా దెబ్బతీశాయి. షరతు పని చేసిన చోట కూడా, ప్రభుత్వం ముందు తన వంతు నెరవేర్చాకే అది పని చేసింది.

2022 ఏప్రిల్ 4న పాత కర్నూలు జిల్లా నుంచి విడిపోయి ఏర్పడిన నంద్యాల జిల్లాలో పేదరికం అన్నిచోట్లా ఒకేలా ఉండదు. మధ్యలో కుందూ నది పరీవాహకం, నల్లరేగడి నేల, కేసీ కాలువ నీళ్లు. ఇక్కడ నంద్యాల, ఆళ్లగడ్డ చుట్టుపక్కల వరి, పత్తి, మిరప పండుతాయి. ఇక్కడి పేదలు ఎక్కువమంది భూమి లేని కూలీలు, కౌలుదారులు. పడమట బనగానపల్లె, బేతంచెర్ల, డోన్ వైపు మెట్ట పొలాలు, రాతి గనులు. తూర్పున నల్లమల అడవి, అందులో చెంచు గూడేలు. ఆళ్లగడ్డలో తరాలుగా రాతి శిల్పాలు చెక్కే కుటుంబాలు ఉన్నాయి. రైతు పథకాల జాబితాల్లో వీళ్లకు చోటు లేదు. 2011 జనగణనలో ఉమ్మడి కర్నూలు జిల్లా అక్షరాస్యత 59.97 శాతం. అప్పటి ఉమ్మడి రాష్ట్రం సగటు 67 శాతం. బడికి, కూలికి మధ్య పోటీ ఇక్కడ ఎంత గట్టిదో ఈ తేడా చెబుతుంది.

దేశంలో పేదలకు నగదు సాయం చరిత్ర ఒక విధంగా నంద్యాలతోనే ముడిపడి ఉంది. నిరుద్యోగం, వృద్ధాప్యం, జబ్బు, వైకల్యం వచ్చినప్పుడు ప్రజలకు సాయం అందించాలని రాజ్యాంగం 41వ అధికరణం ఆదేశిక సూత్రంగా చెప్పింది. కేంద్రం ఆ మాటను దేశవ్యాప్త పథకంగా మలిచింది మాత్రం 1995 ఆగస్టు 15న, జాతీయ సామాజిక సహాయ కార్యక్రమంతో. అప్పటి ప్రధాని పి.వి. నరసింహారావు 1991 ఉప ఎన్నికలో గెలిచి లోక్‌సభలో నంద్యాలకే ప్రాతినిధ్యం వహిస్తున్నారు. ఆ కార్యక్రమంలో మూడు భాగాలు: దిక్కులేని వృద్ధులకు నెలకు 75 రూపాయల పింఛను, సంపాదించే మనిషి చనిపోతే కుటుంబానికి ఒక మొత్తం, పేద గర్భిణికి మొదటి రెండు కాన్పులకు 300 రూపాయలు. అదే రోజు మొదలైన జాతీయ పోషకాహార పథకంలో షరతు మరింత స్పష్టంగా ఉండేది. వండిపెట్టలేని రాష్ట్రాల్లో 80 శాతం హాజరు ఉన్న పిల్లవాడికి నెలకు 3 కిలోల ధాన్యం ఇంటికి ఇచ్చేవారు. 2001 నవంబరులో సుప్రీంకోర్టు వండిన భోజనమే పెట్టాలని ఆదేశించడంతో 2003 నుంచి మన రాష్ట్రంలో బడిలోనే అన్నం వండి పెట్టడం మొదలైంది. ఈ మార్పు చిన్నదిగా కనిపిస్తుంది కానీ దీని అర్థం పెద్దది. ధాన్యం పద్ధతిలో హాజరు పట్టీని ఎవరో రాయాలి, మరొకరు చూడాలి, ఇంకొకరు కోత పెట్టాలి. వండిన అన్నం విషయంలో వీటిలో ఏదీ అక్కర్లేదు. బడికొచ్చిన బిడ్డ తింటుంది, రాని బిడ్డ తినదు. షరతు పథకం లోపలే కలిసిపోయింది. దాన్ని తనిఖీ చేసే అధికారం ఎవరి చేతిలోనూ లేదు, కాబట్టి దాన్ని అడ్డం పెట్టుకుని పేదల నోటి దగ్గర కూడు తీసే వీలూ ఎవరికీ లేదు.

షరతు లేని పింఛనుది మరో కథ. కేంద్రం వాటా 75 నుంచి 2006లో 200 రూపాయలైంది. ఎనభై ఏళ్లు నిండనివారికి నేటికీ అదే 200. ఇంతకాలం ధరలన్నీ పెరుగుతున్నా ఆ అంకె కదల్లేదు. రాష్ట్రంలో మాత్రం 2014 అక్టోబరులో పింఛను 200 నుంచి 1,000కి, 2019 మొదట్లో 2,000కి పెరిగింది. ఆ ఏడాదే వచ్చిన కొత్త ప్రభుత్వం 2,250 చేసి, విడతల వారీగా పెంచుతూ 2024 జనవరికి 3,000 చేసింది. వయోపరిమితిని 65 నుంచి 60కి తగ్గించింది. 2024 జూలై 1న పింఛను 4,000 అయింది. ఏప్రిల్ నుంచి రావలసిన తేడాతో కలిపి ఆ రోజు 7,000 చొప్పున ఇచ్చారు. 2024 జూలైలో దాదాపు 65 లక్షల మందికి అందిన ఈ పథకానికి ఏడాదికి 33 వేల కోట్ల రూపాయల వరకూ ఖర్చు. ఎన్ని పార్టీలు మారినా పింఛను ఆగలేదు, తగ్గలేదు. సొమ్ము పెరగడం ఒక ఎత్తు, అది వచ్చే తీరు ఇంకో ఎత్తు. 2020 నుంచి ఒకటో తారీఖు ఉదయమే ఇంటి గడప దగ్గర నోట్లు చేతిలో పెట్టే పద్ధతి వచ్చింది; మొదట వాలంటీర్లు, 2024 జూలై నుంచి గ్రామ, వార్డు సచివాలయ ఉద్యోగులు ఈ పని చేస్తున్నారు. మధ్యలో ఎన్నికల వేళ, ఎన్నికల సంఘం ఆంక్షల వల్ల వాలంటీర్లు తప్పుకున్నప్పుడు, రాయలసీమ ఎండల్లో వృద్ధులు సచివాలయాల ముందు, బ్యాంకుల ముందు నిలబడాల్సి వచ్చింది. ఇంటికి రావడానికి, మనిషే వెళ్లి తెచ్చుకోవడానికి ఎంత తేడా ఉందో ఆ నెలలు చూపించాయి. తారీఖు తెలిసిన సొమ్ము మీద అంగడిలో అప్పు పుడుతుంది, మందులు తెప్పించుకోవచ్చు, కోడలి ముందు చేయి చాచే పని తగ్గుతుంది. పెద్ద మొత్తమే అయినా తారీఖు తెలియని సొమ్ముతో ఇవేవీ కుదరవు.

షరతులతో నగదు ఇచ్చే ఆలోచన పెద్ద ఎత్తున అమలైంది లాటిన్ అమెరికాలో. మెక్సికోలో 1997లో మొదలైన ప్రోగ్రెసా పథకం కింద పిల్లల్ని బడికి, ఆరోగ్య కేంద్రానికి పంపే తల్లులకు డబ్బు ఇచ్చారు. పై తరగతుల్లో ఆడపిల్లలకు ఎక్కువ ఇచ్చారు, ఎందుకంటే బడి మానేది ఆ వయసులోనే. 506 పల్లెలను ఎంచుకుని, కొన్నిటిలో ముందు, కొన్నిటిలో తర్వాత అమలు చేయడంతో ఫలితాన్ని పోల్చి చూడగలిగారు; ఉన్నత పాఠశాల చేరికలు, ముఖ్యంగా ఆడపిల్లలవి, పెరిగాయి. 2003లో బ్రెజిల్ బోల్సా ఫమీలియా వచ్చింది. మన రాష్ట్రంలో ఈ బాటలో 2005లో బాలికా సంరక్షణ పథకం, అదే ఏడాది ఆస్పత్రి కాన్పుకు డబ్బిచ్చే కేంద్ర పథకం జననీ సురక్ష, 2013లో బంగారు తల్లి వచ్చాయి. బంగారు తల్లి ఏకంగా చట్టం. ఆడపిల్ల పుట్టగానే 2,500 రూపాయలతో మొదలై, టీకాలకు, అంగన్‌వాడీకి, ప్రతి తరగతికీ కొంత చొప్పున ఇస్తూ, డిగ్రీ పూర్తయ్యాక లక్ష రూపాయలు ఇస్తామని ఆ చట్టం మాట ఇచ్చింది. రాష్ట్ర విభజన తర్వాత వచ్చిన ప్రభుత్వాలు దాన్ని కొనసాగించలేదు. ఇరవై ఏళ్ల పాటు తల్లిదండ్రులు నెరవేర్చాల్సిన షరతులను రాసిన ప్రభుత్వం తన మాట మీద ఏడాదిన్నర కూడా నిలబడలేదు. 2020 జనవరి 9న మొదలైన అమ్మఒడి బడిపిల్లల తల్లికి ఏడాదికి 15,000 రూపాయలు, 75 శాతం హాజరు అనే లెక్కతో వచ్చింది. మొదటి ఏడాది హాజరు షరతును సడలించారు, తర్వాత కరోనా వచ్చింది, గట్టిగా అమలైంది 2022 నుంచే. బడి మరుగుదొడ్లు, నిర్వహణ పేరిట కోతలు పోను చివరికి 13,000 చేతికొచ్చేవి. ఎంతమంది పిల్లలున్నా తల్లికి ఒక్కరి లెక్కే. 2025 జూన్ 12న వచ్చిన తల్లికి వందనం ఈ ఒక్కరి నియమాన్ని తీసేసి, బడికెళ్లే ప్రతి బిడ్డకూ ఇచ్చింది. 67 లక్షలకు పైగా విద్యార్థుల లెక్కన తల్లుల ఖాతాల్లో 13,000 చొప్పున పడ్డాయి. పేద ఇంట్లో ఇద్దరు పిల్లలుంటే ఒకరు చదువుకు, ఒకరు పనికి అని పంచుకునే అలవాటు పాతదే. ఒక్కరికే ఇచ్చే పథకం ఆ పంపకాన్ని ముట్టుకోలేదు. ఈ మార్పు సరైనది.

ఈ హాజరు షరతును నంద్యాల, ఆళ్లగడ్డ, కోయిలకుంట్ల పొలాల్లో పెట్టి చూడాలి. హైబ్రిడ్ పత్తి విత్తనం తయారీకి ఈ ప్రాంతం పేరున్నది. ఆడ మొక్క వరుసల్లో మరునాడు విచ్చుకోబోయే మొగ్గను సాయంత్రం పూట ఎంచి, గోటితో రెక్కల్ని, పుప్పొడి తిత్తుల్ని ఒలిచేయాలి; లోపలి కీలం విరగకూడదు. పొద్దున్నే మగ మొక్కల పూలు కోసుకొచ్చి, ఒలిచిన ప్రతి మొగ్గకూ పుప్పొడి రాయాలి. దీన్నే క్రాసింగ్ పని అంటారు. వర్షాకాలం నడుమ మొదలై చలికాలం దాకా రోజూ, ఆదివారం లేకుండా, పూలు పూసినన్నాళ్లూ సాగాలి. ఒక్కరోజు మానితే ఆ రోజు మొగ్గలు పోయినట్టే. ఈ పనికి పిల్లల వేళ్లే బాగుంటాయని యజమానులు చెప్పేవారు. పరిశోధకుడు దావులూరి వెంకటేశ్వర్లు ఈ రంగం మీద చేసిన అధ్యయనాలు అసలు సంగతి వేరని చూపించాయి: పద్నాలుగేళ్లలోపు ఆడపిల్లలు తక్కువ కూలికి ఎక్కువ గంటలు చేస్తారు, విత్తు నాటకముందే తల్లిదండ్రులకు అడ్వాన్సు ఇచ్చి సీజనంతా వాళ్లను కట్టిపడేయొచ్చు. 2000 తర్వాత ఈ విషయం దేశవిదేశాల్లో రచ్చకెక్కి, విత్తన కంపెనీల మీద ఒత్తిడి పెరిగి, చిన్నపిల్లల సంఖ్య తగ్గింది. అయితే లెక్క ఒకసారి చూడండి. విద్యాహక్కు చట్టం ప్రకారం ఆరు నుంచి ఎనిమిది తరగతులకు ఏడాదికి 220 పనిదినాలు. 75 శాతం హాజరు అంటే 55 రోజులు మానొచ్చు. క్రాసింగ్ సీజను అంతకంటే ఎక్కువ. అంటే ఈ షరతు సరిగ్గా తగలాల్సిన చోటే తగులుతుంది. అప్పుడప్పుడు నాగా పెట్టే పిల్లల జోలికి పోకుండా సీజనంతా పొలంలో ఉండే బిడ్డను పట్టుకుంటుంది. కానీ 13,000 రూపాయలను 220 రోజులకు పంచితే రోజుకు 59 రూపాయలు. 2025–26లో రాష్ట్రంలో ఉపాధి హామీ రోజు కూలి 307. అడ్వాన్సు తీసుకున్న ఇంటికి 59 రూపాయలు బిడ్డను విడిపించవు. విడిపించగలిగేది ఆ సొమ్ము వచ్చే నెల. అమ్మఒడి మొదట సంక్రాంతికి వచ్చేది. అప్పటికి క్రాసింగ్ పని దాదాపు అయిపోతుంది, బిడ్డ అప్పటికే బడి పోగొట్టుకుని ఉంటుంది. జూన్‌లో, అడ్వాన్సులు ఇచ్చే కాలంలో ఖాతాలో పడితే ఆ అప్పుకు ఇంటివాళ్లు వద్దు అనగలుగుతారు. తర్వాత పథకం జూన్‌కు మారడం బడి తెరిచే కాలాన్ని చూసి జరిగి ఉండొచ్చు. ఈ ప్రాంతంలో మాత్రం అది హాజరు షరతు కంటే ఎక్కువ పనికొచ్చే మార్పు.

షరతు లేకపోతే పిల్లలు బడికి పోరా అన్న ప్రశ్నకు బయటి దేశాల్లో శ్రద్ధగా చేసిన పరిశీలనలు ఉన్నాయి. ఆఫ్రికాలోని మలావీలో జోంబా జిల్లాలో కిశోర బాలికల్లో కొందరికి హాజరు షరతుతో, కొందరికి ఏ షరతూ లేకుండా డబ్బు ఇచ్చారు. చదువు విషయంలో షరతు ఉన్నవాళ్లే ముందున్నారు. కానీ బడి మానేసిన అమ్మాయిల్లో చిన్నవయసు పెళ్లిళ్లు, గర్భాలు షరతు లేనివాళ్లలో చాలా తగ్గాయి. అంటే షరతు తప్పిన రోజే సాయం ఆపేస్తే, ఆ సాయం అందరికంటే ఎక్కువ అవసరమైన అమ్మాయే దాన్ని పోగొట్టుకుంటుంది. మొరాకోలో ఇది పిల్లల చదువు డబ్బు అని చెప్పి, హాజరు లెక్క చూడకుండానే ఇచ్చారు. బడి మానడం గణనీయంగా తగ్గింది, పైగా హాజరు తనిఖీ జోడించినచోట అదనంగా వచ్చిన మేలు కనిపించలేదు. ఇంతదాకా ఎందుకు, మన తెలుగు నేలమీదే శాంతా సిన్హా నాయకత్వంలో ఎం.వి. ఫౌండేషన్ రంగారెడ్డి జిల్లాలో తల్లిదండ్రులకు పైసా ఇవ్వకుండా, శిబిరాల్లో చదువు అందించి పనిలో ఉన్న పిల్లల్ని వేలల్లో బడికి చేర్చింది. చదివించాలన్న కోరిక పేదలకు లేక బడి మాన్పించడం లేదని ఆ అనుభవం రుజువు చేసింది. వీటన్నిటినీ కలిపి చూస్తే షరతు పూర్తిగా వ్యర్థమని అనలేం, జోంబా ఫలితాలు అలా చెప్పడం లేదు. షరతు తప్పినప్పుడు కోత పెట్టే బదులు, ఎందుకు తప్పిందో తెలుసుకోవడానికి ఇంటికి వెళ్లే మనిషి ఉంటే, అదే షరతు బిడ్డ ఆపదను ముందే చెప్పే సాధనం అవుతుంది. పేదింటి ఆడపిల్ల పెళ్లికి సాయంగా 2022 అక్టోబరు 1న వచ్చిన కళ్యాణమస్తు, షాదీ తోఫా పథకాల్లో వధూవరులిద్దరూ పదో తరగతి పాసై ఉండాలన్నారు. పది దాకా చదివించాలన్న ఆశ పుట్టించడానికి ఇది మంచిదే. అయితే ఏడో తరగతిలోనే పత్తి చేలోకి వెళ్లిన అమ్మాయికి పద్దెనిమిదేళ్లు వచ్చాక ఈ పథకం మొహం చూపించలేదు. ఆమె బాల్యంలో జరిగిన నష్టానికి ఆమెకే జరిమానా పడింది.

రాసిన షరతులకు ముందు ఇంకో వరస షరతులు ఉన్నాయి. రాష్ట్రంలో చాలా పథకాలకు పలు అంచెల పరిశీలన జరుగుతుంది: పల్లెలో నెల ఆదాయం 10,000, పట్నంలో 12,000 దాటకూడదు, మాగాణి మూడెకరాలు, మెట్ట పదెకరాలకు మించకూడదు, నెల కరెంటు 300 యూనిట్లలోపు ఉండాలి, నాలుగు చక్రాల బండి, ప్రభుత్వ ఉద్యోగం, ఆదాయపు పన్ను ఉండకూడదు, పట్టణంలో ఇల్లు వెయ్యి చదరపు అడుగులు మించకూడదు. డబ్బున్నవాళ్లను వడకట్టడానికి ఇవి సహేతుకమైనవే. చిక్కు వీటిని కంప్యూటర్ చూసే తీరులో ఉంది. ఒకే మీటరు కింద మూడు కాపురాలు అద్దెకుంటే కరెంటు లెక్క ముగ్గురికీ చేరుతుంది. ఎవరి ఆధార్‌కో పొరపాటున జతైన కారు పేదవాడి పేరుమీద కనిపిస్తుంది. వేరుపడిన కొడుకు ఇంకా తల్లి కార్డులోనే ఉంటే వాడి ఉద్యోగం ఆమె పింఛనుకు అడ్డం వస్తుంది. ఊళ్లో వినిపించే మాటలు కూడా ఇవే: పేరు లిస్టులో రాలేదు, ఈకేవైసీ కాలేదు, వేలిముద్ర పడలేదు. ముసలివాళ్ల విషయంలో ఈ చివరి మాట తరచుగా వింటాం. ఏళ్ల తరబడి కలుపు తీసి, రాళ్లు మోసిన చేతివేళ్ల మీద గీతలు అరిగిపోతాయి. ఉద్యోగి యంత్రాన్ని తుడిచి, వేలికి కాస్త తడి రాసి, బొటనవేలి నుంచి చిటికెన వేలిదాకా ఒక్కొక్కటీ పెట్టించి చూస్తాడు, అప్పటికీ యంత్రం ఒప్పుకోకపోతే ముఖం ఫోటోకో మరో పద్ధతికో పోవాలి.

యంత్రాన్నే తప్పుబట్టడం న్యాయం కాదు. ఈ ప్రాంతంలోనే అందుకు గట్టి ఆధారం ఉంది. 2010–12 మధ్య ఉమ్మడి రాష్ట్రంలో కర్నూలుతో సహా ఎనిమిది జిల్లాల్లో, 157 మండలాల్లో, ఉపాధి కూలి, పింఛన్లు వేలిముద్ర స్మార్ట్‌కార్డుల మీద ఇచ్చే పద్ధతిని లాటరీ ప్రకారం కొన్ని మండలాల్లో ముందు, కొన్నిటిలో తర్వాత ప్రవేశపెట్టారు. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుఖతంకర్ చేసిన ఈ అధ్యయనంలో ఉపాధి కూలి చేతికందే ఆలస్యం 29 శాతం తగ్గింది, కుటుంబాల ఉపాధి ఆదాయం 24 శాతం పెరిగింది, పింఛన్లలో మధ్యలో కారిపోయే సొమ్ము దాదాపు సగం తగ్గింది. కూలీలకు ఆదా అయిన సమయం విలువే మొత్తం ఏర్పాటు ఖర్చుకు సరిపోయింది. కీలకమైన సంగతి ఇంకొకటి ఉంది: కార్డు రానివాళ్లకు, వేలిముద్ర పడనివాళ్లకు అప్పట్లో సొమ్ము ఆపలేదు, పాత పద్ధతిలోనే ఇచ్చారు. అదే పరిశోధకులు తర్వాత జార్ఖండ్‌లో రేషన్ దుకాణాల్లో ఆధార్ తప్పనిసరి చేసినప్పుడు చూస్తే, ముందుగా ఆధార్ జతచేసుకోని కుటుంబాలకు అందే సరుకు సగటున పది శాతం తగ్గింది. రెండుచోట్లా వేలిముద్రే వాడారు. ఒకచోట అది పేదవాడి హక్కును కాపాడింది, ఇంకోచోట వాడినే బయటికి నెట్టింది. పక్కదారి తెరిచి ఉంచారా, మూసేశారా అన్నదే తేడా.

ఈ తేడా ఎక్కువగా తగిలేది నల్లమల చెంచులకు. ఆత్మకూరు, శ్రీశైలం, మహానంది, రుద్రవరం, అహోబిలం వైపు అడవి అంచుల్లో, అడవి లోపల వాళ్ల గూడేలు ఉన్నాయి. వాళ్ల అభివృద్ధి కోసం శ్రీశైలంలో ప్రత్యేకంగా సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) పని చేస్తోంది. అతి వెనుకబడిన గిరిజన తెగల కోసం కేంద్రం 2023 నవంబరు 15న ప్రారంభించిన పీఎం జన్‌మన్ పథకంలోనూ చెంచులు ఉన్నారు. గిరిజనులకు వృద్ధాప్య పింఛను వయసు యాభై ఏళ్లే అన్న మంచి సడలింపూ ఉంది. కాకపోతే యాభై ఏళ్లని చూపించే కాగితం కావాలి. ఇంట్లో పుట్టిన బిడ్డకు జనన పత్రం ఉండదు, అది లేక ఆధార్ ఆలస్యమవుతుంది, తల్లికీ ఆధార్ లేకపోతే బ్యాంకు ఖాతా ఉండదు, ఖాతా లేక తల్లికి వందనం పడదు. బిడ్డ ఆశ్రమ పాఠశాలలో రోజూ కూర్చుని ఉన్నా, అంటే షరతు నూటికి నూరుపాళ్లు నెరవేరినా, సొమ్ము రాదు. అహోబిలంలో చెంచులక్ష్మిని నరసింహస్వామి పెళ్లాడిన కథను ఏటా ఉత్సవంగా జరుపుకునే నేలమీద ఆమె వంశీకుల పేర్లు జాబితాల్లోకి ఎక్కడానికి ఇంత కష్టం ఉండకూడదు.

నగదు సాయం మీద వచ్చే ఆక్షేపణల్లో కొన్ని ఆలోచించదగ్గవి. ఇచ్చిన డబ్బు సారా పాలవుతుందన్నది అన్నిటికంటే పాతది. వివిధ దేశాల్లో నగదు బదిలీల మీద జరిగిన పరిశీలనల్ని డేవిడ్ ఇవాన్స్, అన్నా పొపోవా కలిపి చూస్తే, మద్యం, పొగాకు మీద ఖర్చు పెరిగిందన్న ఆధారం దొరకలేదు. ఇంకో మాట నంద్యాల రైతుల నోట తరచుగా వింటాం: పింఛన్లు, పథకాలు వచ్చాక నాట్లకు, కోతలకు కూలీలు దొరకడం లేదు. కూలి రేట్లు పెరిగాయన్నది నిజం. అయితే వృద్ధాప్య పింఛను తీసుకునేది ఎక్కువగా అరవై దాటినవాళ్లు, తల్లికి వందనం వచ్చేది ఏడాదికోసారి. ఈ సొమ్ముతో ఎవరూ నాట్లు మానేసి కూర్చోలేరు. తక్కువ కూలికి రాలేమని చెప్పే ధైర్యం మాత్రం వస్తుంది, అదీ ముఖ్యంగా ఆడకూలీలకు. రైతుకు ఇది భారమే. ఆ భారానికి మందు గిట్టుబాటు ధరలో వెతకాలి కానీ కూలీ ఇంటి ఆకలిలో వెతకకూడదు.

మూడో ఆక్షేపణ వీటికంటే లోతైనది: నగదు పంచడం కంటే బతుకుతెరువు ఇవ్వడం మేలు కదా అన్నది. బంగ్లాదేశ్‌లో బ్రాక్ సంస్థ 2002లో మొదలుపెట్టిన పద్ధతిలో అతి పేద మహిళకు ఆవునో, మేకలనో ఇచ్చి, కొన్నాళ్లు భత్యమిచ్చి, వారం వారం మనిషి వచ్చి నేర్పిస్తాడు. ఆరు దేశాల్లో దీన్ని పరీక్షించినప్పుడు చాలాచోట్ల మంచి ఫలితాలు వచ్చాయి. కానీ ఉమ్మడి రాష్ట్రంలో మెదక్ జిల్లాలో ఇదే పద్ధతిని పరీక్షిస్తే నికర ప్రయోజనం కనిపించలేదు. పశువుల మీద వచ్చిన ఆదాయం నిజమే, కానీ వాటిని చూసుకోవడానికి ఆ మహిళలు వదులుకున్న కూలి దాదాపు అంతే. అక్కడ కూలిపని అప్పటికే పెరుగుతోంది. పథకంలో లేనివాళ్లు కూడా అంతే ముందుకెళ్లారు. కాలువ కింది నంద్యాల, ఆళ్లగడ్డ పల్లెలు ఈ విషయంలో మెదక్‌కే దగ్గర. పని ఉంది, కూలి పెరుగుతోంది. లేనిదల్లా పని లేని నెలల్లో, జబ్బు పడిన నెలల్లో నిలకడగా వచ్చే ఆదాయం. అందుకే ఇక్కడ గేదె కంటే ఒకటో తారీఖు పింఛను ఎక్కువ పని చేస్తుంది. పనే దొరకని నల్లమల గూడేల్లో లెక్క వేరు, అక్కడ బతుకుతెరువు పథకాలకు ఇంకా చోటుంది. ఇక ఖజానా సంగతి. ఏడాదికి పింఛన్లకు 33 వేల కోట్లు, తల్లికి వందనానికి 8,700 కోట్లకు పైగా ఖర్చయ్యే రాష్ట్రంలో బడులు, ఆస్పత్రులకు మిగిలేదెంత అన్న భయం సబబైనదే. దానికి సమాధానంగా పథకాల సంఖ్య తగ్గించి, నిలిచే రెండు మూడింటిని గట్టి చేయొచ్చు. 2006 నుంచి 200 దగ్గరే ఆగిన కేంద్రం వాటాను అడిగి పెంచుకోవచ్చు. అతి పేదల పేర్లు కాగితాల లోపంతో రాలిపోవడాన్ని ఆదాగా లెక్కవేయడం మాత్రం తప్పు.

భూమి ఆధారంగా ఇచ్చే సాయంలోనూ ఇదే తీరు. రైతు భరోసా నుంచి అన్నదాత సుఖీభవ దాకా సొమ్ము పట్టా ఉన్నవాడికి సులువుగా వస్తుంది. కౌలుదారుకు రావాలంటే 2019 చట్టం ప్రకారం సాగుదారు హక్కు పత్రం కావాలి, దానికి భూయజమాని ఒప్పుకోవాలి. సంతకం పెడితే భూమి పోతుందేమోనన్న అనుమానంతో చాలామంది పెట్టరు, కాబట్టి కుందూ గట్టున వేల ఎకరాలు సాగుచేసే కౌలుదారులు మధ్యలో మిగిలిపోతారు. కూలీకి అసలు ఏమీ లేదు. తెలంగాణలో 2025 జనవరి 26న మొదలైన ఇందిరమ్మ ఆత్మీయ భరోసా భూమి లేని కూలి కుటుంబానికి ఏడాదికి 12,000 ఇస్తానంది. 2023–24లో కనీసం 20 రోజులు ఉపాధి పని చేసి ఉండాలన్నది అందులో షరతు. కూలీ అనడానికి ఉపాధి హామీ హాజరు పట్టీనే (మస్టరు రోలు) సాక్ష్యంగా తీసుకోవడం తెలివైన ఆలోచన, ఎందుకంటే ఆ కాగితం పంచాయతీలో ముందే ఉంది, కూలీ కొత్తగా తేవాల్సిన పని లేదు. కానీ వికలాంగుడు, బాలింత, సిమెంటు ఫ్యాక్టరీలో రోజుకూలీ, ఆళ్లగడ్డ శిల్పి దగ్గర రాయి కొట్టే పనివాడు ఆ ఇరవై రోజుల్లోకి రారు. ఇలాంటి పథకం ఇక్కడికి వస్తే మస్టరు రోలుతో పాటు పింఛను జాబితాను, రేషను జాబితాను, ఐటీడీఏ గూడేల లెక్కను కలిపి చూసి, ఏ జాబితాలోనూ లేని ఇళ్లను పేరుపేరునా వెతికి రాసుకోవాలి. ఆ పని సచివాలయం నుంచి పిలిస్తే జరగదు. జనన పత్రం రాసే గుమాస్తా, ఆధార్ యంత్రం తెచ్చే ఉద్యోగి, బ్యాంకు మిత్ర ముగ్గురూ కలిసి ఒకే రోజు గూడేనికి వెళ్లాలి.